అంట్లు ఎవరు తోమారు? కార్పెంటర్ మీద మీ ఉత్తరాలు, మా జవాబులు

పోయిన సంచికలో గాంధీగారి 'హింద్ స్వరాజ్' గురించి రాస్తూ, ఆయన చదివిన వాళ్ళలో ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే ఇంగ్లీషాయన ఒకడున్నాడని, మంచి చదువూ ఉద్యోగమూ వదిలేసి పల్లెలో కూరగాయలు పండించుకుంటూ పుస్తకాలు రాశాడని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయాను. మీరు మాత్రం అక్కడే ఆగిపోయినట్టున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన గురించే. అందుకని తిరుమల రూముల బుకింగ్ మీద వచ్చిన ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి.

"నాగరికత ఒక రోగమని ఒక గొప్ప ఇంగ్లీషు రచయిత అన్నాడని 'హింద్ స్వరాజ్'లో ఉంది. ఆ రచయిత ఈయనేనా? అసలు ఆ పుస్తకంలో ఏముంది?" – రిటైర్డ్ టీచర్, చిత్తూరు

ఆయనే సార్. గాంధీ ఆ మాట రాసింది ఆరో అధ్యాయంలో. అక్కడ రచయిత పేరు చెప్పలేదు కానీ పుస్తకం పేరు చెప్పారు: 'సివిలైజేషన్: ఇట్స్ కాజ్ అండ్ క్యూర్'. 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగి వెళ్తూ గాంధీ 'హింద్ స్వరాజ్' రాశారు కదా, చివర్లో చదవమని ఇరవై పుస్తకాల జాబితా కూడా ఇచ్చారు. టాల్‌స్టాయ్, థోరో, రస్కిన్‌లతో పాటు అందులో ఈ పుస్తకమూ ఉంది. మొదటి ముగ్గురి గురించి మనం బడిలోనే విన్నాం. నాలుగో ఆయన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

కార్పెంటర్ 1844లో ఇంగ్లండు దక్షిణ తీరంలో, బ్రైటన్ పక్కనే ఉన్న హోవ్‌లో బాగా డబ్బున్న ఇంట్లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో లెక్కలు చదివి అక్కడే ఫెలో అయ్యాడు, చర్చిలో పాదిరిగా కూడా పనిచేశాడు. ఇంకొకరైతే ఆ కుర్చీలోనే రిటైరయ్యేవారు. ఈయన 1874లో అదంతా వదిలేసి, కాలేజీ మొహం చూడలేని వాళ్ళకు పాఠాలు చెప్పడానికి ఉత్తరాన ఉన్న మిల్లుల ఊళ్ళకు వెళ్ళి, చివరికి కత్తులూ కటార్లూ తయారయ్యే షెఫీల్డ్ చేరాడు. 1883లో ఆ ఊరికి దగ్గర్లో మిల్‌థార్ప్ అనే పల్లెలో ఏడెకరాల దాకా నేల కొని ఇల్లు కట్టుకుని, దాదాపు నలభై ఏళ్ళు అక్కడే ఉన్నాడు.

ఇక పుస్తకం. 1889లో వచ్చింది. నాగరికత అంటే మనిషి ఎక్కి కూర్చున్న శిఖరం కాదు, పసితనంలో పిల్లలకు తట్టు, కోరింత దగ్గు వచ్చిపోయినట్టు ప్రతి జాతీ దాటాల్సిన ఒక జబ్బు అంటాడు. ఈ జబ్బు పడి పోయిన జాతులు చరిత్రలో చాలా ఉన్నాయి, పూర్తిగా కోలుకుని లేచిన జాతి ఇంతవరకూ ఒక్కటీ లేదు అని కూడా అంటాడు. ఆస్తి, దాన్ని కాపాడటానికి పోలీసు, వర్గాలు, ఒకరి మీద ఒకరికి అనుమానం, ఇవన్నీ ఆయన లెక్కలో జబ్బు లక్షణాలు. పుస్తకానికి పేరిచ్చిన వ్యాసాన్ని మొదట లండన్‌లో ఫేబియన్ సొసైటీ అనే సోషలిస్టు సంఘం ముందు చదివితే, సోషలిస్టులై ఉండి కూడా వాళ్ళే విరుచుకుపడ్డారు.

నన్నడిగితే ఆ పుస్తకంలో సగం ఇవాళ నిలబడదు. ఆదిమ జాతులకు రోగాలే ఉండేవి కావన్నట్టు రాస్తాడు, వైద్యం మీద ఆయన మాటలు నమ్మి ఎవరూ మందులు మానేయకండి. ఆయన రాతల్లో ఇవాళ్టికీ నిలబడేది ఇంకో పుస్తకంలో ఉంది, కింద చంద్రగిరి నుంచి వచ్చిన ప్రశ్న దగ్గర చెప్తాను.

"సింపుల్‌గా బతకండి అని మగవాళ్ళు పుస్తకాలు రాస్తారు. మిక్సీ వద్దు, రోట్లో రుబ్బితే రుచి, ఫ్రిజ్ వద్దు, ఎప్పటికప్పుడు వండుకుంటే ఆరోగ్యం అంటారు. రుబ్బేది, వండేది ఎవరు? మీ కార్పెంటర్ ఇంట్లో అంట్లు ఎవరు తోమారో ముందు చెప్పండి." – ఒక గృహిణి, చంద్రగిరి

అమ్మా, ఈ నెల వచ్చిన వాటిలో అసలు ప్రశ్న ఇదే.

ముందు సూటిగా జవాబు. మిల్‌థార్ప్ ఇంట్లో కార్పెంటర్ ఒక్కడే ఎప్పుడూ లేడు. మొదట్లో కొడవళ్ళు చేసే కార్మికుడు ఆల్బర్ట్ ఫెర్నిహో కుటుంబం ఆయనతో ఉండేది, తర్వాత జార్జ్ ఆడమ్స్ దంపతులు, 1898 నుంచి జార్జ్ మెర్రిల్. వంటా, ఇల్లూ ఎక్కువగా చూసుకున్నది వీళ్ళే, అంటే మొదట్లో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు, తర్వాత మెర్రిల్. కార్పెంటర్ తోటలో తవ్వాడు, చెప్పులు కుట్టాడు, పొద్దున్నే లేచి సంతకు వెళ్ళాడు, అదంతా నిజమే. కానీ దేశదేశాల నుంచి ఆయన్ని చూడటానికి వచ్చే అతిథులకు టీ పెట్టి, తిన్న పళ్ళేలు ఎత్తిన చేతులు చాలావరకు వేరేవాళ్ళవి. మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

అయితే మీరు తిట్టిన ఆ సలహా ఆయనది కాదు. 'సింప్లిఫికేషన్ ఆఫ్ లైఫ్' అని ఆయన వ్యాసం ఒకటుంది, 1887లో వచ్చిన 'ఇంగ్లండ్స్ ఐడియల్' పుస్తకంలో. రోలు తెచ్చుకో, చెమటోడ్చు అని కాదు అందులో చెప్పేది. ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువూ తుడిచే పని, కడిగే పని, బాగుచేసే పని తనతో పాటు మోసుకొస్తుంది అంటాడు. ఉదాహరణకు నేల సంగతే తీసుకుంటాడు. రాతిపలకల నేలను వదిలి టర్కీ తివాచీ పరిచావంటే ఇక ఆ ప్రయాణానికి ఒడ్డు కనబడదంటాడు. తివాచీ కొన్నాక దానికి తగ్గ కుర్చీలు కావాలి, కుర్చీలకు తగ్గ పరదాలు కావాలి, వాటన్నిటి మీదా దుమ్ము పడుతుంది, దుమ్ము దులపడానికి మనిషి కావాలి, ఆ మనిషి మీద ఇంకో కన్నేసి ఉంచాలి.

దీన్ని మన వైపు ఇళ్ళల్లో పెట్టి చూడండి. కడప బండలు పరిచిన పాత ఇంట్లో రెండు బిందెల నీళ్ళు పోసి చీపురుతో తోసేస్తే పని అయిపోయేది. ఇప్పుడు తెల్ల టైల్స్ వేయించుకున్నాం, వాటి మీద కాలి మరక పడితే నలుగురికీ కనబడుతుంది. హాల్లో అద్దాల షోకేసు, అందులో తిరుపతి నుంచి ఒకటి, కాళహస్తి నుంచి ఒకటి, ఎవరో గృహప్రవేశానికి ఇచ్చిన గడియారం ఒకటి. పండగ ముందు రోజు వాటన్నిటినీ దించి తుడిచి మళ్ళీ అదే వరసలో పెట్టే పని ఎవరిది? మీదే. లేదా మీరు జీతం ఇచ్చే ఇంకొక ఆడమనిషిది. కార్పెంటర్ వదిలించుకోమన్నది ఈ షోకేసుని, మిక్సీని కాదు. పని తగ్గించే వస్తువుకీ పని పెంచే వస్తువుకీ తేడా గుర్తుపట్టకుండా పాతది ఏదైనా మంచిదే అనే పెద్దమనుషులకు ఆయన పేరు వాడుకునే హక్కు లేదు.

ఇంకొకటి. 1896లో ఆయన 'లవ్స్ కమింగ్ ఆఫ్ ఏజ్' అని రాశాడు. అందులో స్త్రీ గురించిన ఒక అధ్యాయానికి పెట్టిన పేరులోనే ఆమెని కట్టుబానిస అన్నాడు. ఇంటి చాకిరీ మీద అంత కోపంగా రాసిన మగవాడు ఆ కాలంలో అరుదు. అంత రాసినాయన ఇంట్లోనూ ఆ చాకిరీ వేరే చేతుల్లోనే సాగిందంటే, అది మనం మర్చిపోకూడని సంగతే. ఆయన పుస్తకాన్ని పక్కన పడేయడానికి మాత్రం అది చాలదు నాకు.

"ఏడెకరాల్లో ఏం పండించాడు? గిట్టుబాటు అయిందా? మేము తోతాపురి కాయ మండీకి తోలితే కమీషనూ లారీ బాడుగా పోను ఏమీ మిగల్లేదు." – మామిడి రైతు, బంగారుపాళ్యం

పండ్లు, పూలు, కూరగాయలు అన్నా. షెఫీల్డ్, చెస్టర్‌ఫీల్డ్ సంతలకు తీసుకెళ్ళి తనే నిలబడి అమ్మేవాడు. కేంబ్రిడ్జి ఫెలో సంతలో గంప ముందర నిలబడి బేరమాడటం ఆ రోజుల్లో వింతే.

గిట్టుబాటు మాటకొస్తే, దాని మీదే ఆధారపడి బతకాల్సిన అవసరం ఆయనకు రాలేదు. 1882లో తండ్రి పోయినప్పుడు సుమారు 6,000 పౌండ్లు చేతికొచ్చాయి, అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. నేల కొన్నదీ, ఇల్లు కట్టిందీ, ధర పడిపోయిన ఏడాది కూడా నిద్రపోగలిగిందీ ఆ డబ్బు వల్లే. ఇది ఆయన దాచలేదు. 'ఇంగ్లండ్స్ ఐడియల్'లో ఆయన అసలు వాదనే ఇది: వడ్డీల మీదా డివిడెండ్ల మీదా బతికే పెద్దమనిషి ఎంత మర్యాదస్తుడైనా ఇంకొకరి కష్టం తింటున్నాడు, దాన్ని మర్యాద అనకూడదు, దొంగతనం అనాలి. తనూ ఆ వర్గం నుంచే వచ్చానని తెలిసే రాశాడు. అందుకే ఆయన సింపుల్ లైఫ్ మనకు అలవాటైన త్యాగం లెక్కలోది కాదు. సుఖం మానుకుంటే పుణ్యం అని ఎక్కడా అనడు, నీ సుఖానికి ఎవరి వీపు వంగుతోందో చూసుకో అంటాడు.

మీ కాయ ధర విషయంలో ఆయన దగ్గర మందు లేదు. వదిలేసి టౌనుకి రా అని మాత్రం అనేవాడు కాదు.

"ఈయన మన భగవద్గీత చదివి మారిపోయాడని ఒక ప్రవచనంలో విన్నాను. నిజమేనా?" – శ్రీకాళహస్తి

కొంత నిజం, కొంత మనవాళ్ళ ఉత్సాహం. కేంబ్రిడ్జిలో ఆయనకు పొన్నంబలం అరుణాచలం అనే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) తమిళుడు స్నేహితుడు. తర్వాత 1919లో సిలోన్ నేషనల్ కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడైంది ఆ అరుణాచలమే. ఆయన ఇచ్చిన గీత అనువాదం 1881లో చదివినప్పుడు, చాలాకాలంగా లోపల నలుగుతున్నదేదో ఒక్కసారిగా దారి దొరికినట్టు అయిందని కార్పెంటర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అప్పటికి కొద్ది రోజుల ముందే తల్లి పోయింది. పాఠాలు చెప్పే పని మానేసి, తోటలో కాపలావాడి గూడు లాంటి చిన్న చెక్క గది ఒకటి కట్టుకుని, ఎండైనా వానైనా అందులో కూర్చుని 'టువర్డ్స్ డెమాక్రసీ' అనే పెద్ద వచన కవిత రాశాడు.

కానీ దాన్లో గీత ఎంత ఉందో, అమెరికా కవి వాల్ట్ విట్మన్ అంతకంటే ఎక్కువే ఉన్నాడు. విట్మన్‌ని చూడటానికి రెండుసార్లు, 1877లో, 1884లో సముద్రం దాటి వెళ్ళాడు. 1890లో సిలోన్ వచ్చి రామస్వామి అనే జ్ఞాని దగ్గర కూర్చుని విన్నాడు, అక్కడి నుంచి మన దేశంలోకి వచ్చి మద్రాసు, కలకత్తా, కాశీ, ఢిల్లీ, బొంబాయి తిరిగాడు. ఆ ప్రయాణం పుస్తకం 1892లో వచ్చింది. తెల్లదొరలు నేటివులతో కలవకుండా తమ గవ్వలో తాము ముడుచుకుని ఎలా బతుకుతున్నారో అందులో ఎగతాళి చేస్తాడు. గురువు దగ్గర విన్నదాన్ని గౌరవించాడు గానీ శిష్యుడై కూర్చోలేదు, కులం కట్టుబాట్లను మెచ్చుకోనూ లేదు. కాబట్టి 'మనం నేర్పాం, వాళ్ళు నేర్చుకున్నారు' అని చప్పట్లు కొట్టుకోవద్దు.

"కార్పెంటర్ చెప్పులు చూసే గాంధీగారు చెప్పులు కుట్టడం నేర్చుకున్నారా?" – గాంధీ రోడ్డు, తిరుపతి

లేదు. అవి రెండు వేరే కథలు. కార్పెంటర్ స్నేహితుడు హెరాల్డ్ కాక్స్ అలీగఢ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆయన కాశ్మీరు నుంచి ఒక జత పంపితే, దాన్ని నమూనాగా పెట్టుకుని కార్పెంటర్ కుట్టడం మొదలెట్టి, స్నేహితులకు కూడా చేసిచ్చాడు. తర్వాత ఆ పని ఆడమ్స్ చేతికి వెళ్ళింది. గాంధీ వైపు చూస్తే, దక్షిణాఫ్రికాలో మారియన్‌హిల్ అనే చోట క్రైస్తవ సన్యాసుల మఠానికి వెళ్ళి గాంధీ స్నేహితుడు కలెన్‌బాక్ నేర్చుకొచ్చాడు, ఆయన దగ్గర గాంధీ, మిగతావాళ్ళు నేర్చుకున్నారు.

బూట్లంటే కార్పెంటర్‌కి ఎంత మంటంటే, కాళ్ళకు తొడిగిన తోలు శవపేటికలు అన్నాడు. కోటు, దాని లైనింగు, దాని కింద వెయిస్ట్‌కోటు, చొక్కా, అన్నీ లెక్కేసి మనిషికీ దేవుడికీ మధ్య పదకొండు పొరలు తేల్చాడు. అలిపిరి మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కేవాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు, కానీ మే నెలలో టై కట్టుకుని పెళ్ళి రిసెప్షన్లో నిలబడే మన పెళ్ళికొడుకులకు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుంటుంది.

"నెట్‌లో చూస్తే ఆయన పెళ్ళి చేసుకోలేదు, ఒక మగవాడితో కాపురం చేశాడు అని ఉంది. ఇలాంటి వ్యక్తిని గాంధీ పక్కన పెట్టి రాయడం అవసరమా?" – పేరు రాయలేదు, పలమనేరు

అవసరమే. గాంధీ పక్కన పెట్టింది నేను కాదు, గాంధీయే పెట్టుకున్నారు.

మీరు చదివింది నిజం. జార్జ్ మెర్రిల్ షెఫీల్డ్ మురికివాడల్లో పెరిగిన మనిషి, బడి చదువు పెద్దగా లేదు. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో, నలుగురికీ తెలిసేలా బతికారు. 1885 చట్టం ప్రకారం అప్పటి ఇంగ్లండులో అది జైలు శిక్ష పడే నేరం. 1895లో ఆస్కార్ వైల్డ్‌ని ఆ చట్టం కిందే జైల్లో పెట్టారు. ఆ భయంతోనే లండన్ ప్రచురణకర్త కార్పెంటర్ పుస్తకం వెయ్యనని వెనక్కి తగ్గితే, 'లవ్స్ కమింగ్ ఆఫ్ ఏజ్' మాంచెస్టర్‌లో ఒక కార్మిక ప్రెస్సు నుంచి రావాల్సి వచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు, 1908లో ఈ విషయం మీదే 'ది ఇంటర్మీడియట్ సెక్స్' ప్రచురించాడు. మన సుప్రీంకోర్టు ఇది నేరం కాదని చెప్పడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. దానికి 110 ఏళ్ళ ముందు సొంత పేరుతో పుస్తకం వేసిన మనిషి ఆయన.

మెర్రిల్ 1928లో పోయాడు, కార్పెంటర్ 1929 జూన్‌లో. ఇద్దరిదీ గిల్డ్‌ఫర్డ్‌లో ఒకటే సమాధి. ఇందులో దాచుకోవాల్సింది నాకేమీ కనబడలేదు. మీరు పేరు దాచుకున్నారు గానీ.

"వర్క్ ఫ్రమ్ హోమ్, రెండు ఈఎంఐలు, ఒక బాబు. మిల్లెట్స్ తిందామంటే కిలో రేటు చూస్తే బియ్యమే నయం అనిపిస్తోంది. పల్లెకెళ్ళి బతికే ధైర్యం లేదు. ఈయన్ని చదివితే టెన్షన్ తగ్గుతుందా, పెరుగుతుందా?" – తిరుపతి

మొదట పెరుగుతుంది. మన తాతలు రాగిసంగటి తిన్నది ఇంట్లో రాగులు ఉన్నాయి కాబట్టి. ఇప్పుడు అదే రాగిపిండి గోధుమరంగు కాగితం సంచిలో, పైన తాడు కట్టి రెట్టింపు ధరకి అమ్ముతున్నారు. సింపుల్ లైఫ్ కూడా ఒక షాపింగే అయిపోయింది. కార్పెంటర్ కాలంలోనే ఈ తంతు మొదలైంది, ఆయన చుట్టూ కూడా చెప్పులూ గరుకు బట్టలూ వేసుకుని అదే గొప్పగా తిరిగిన వాళ్ళు ఉన్నారు.

అందరూ పల్లెకి పొండి అని ఆయన అనలేదు. తను మిల్‌థార్ప్‌లో ఉంటూనే షెఫీల్డ్‌లో సోషలిస్టు సంఘం పెట్టడంలో చేయి కలిపాడు, వాళ్ళతో కలిసి అక్కడి కార్మికవాడలో కాఫీ హోటలూ మీటింగు హాలూ నడిపాడు, ఊరిమీద కమ్మిన ఫ్యాక్టరీ పొగ గురించి పత్రికలకు రాశాడు. ఒక ఇంటి ఖర్చు తగ్గితే ఊరి పొగ తగ్గదని ఆయనకి బాగా తెలుసు.

మీ విషయంలో నా సలహా: రెండు ఈఎంఐల్లో ఒకటి ఇంటిది అనుకుంటా, దాన్ని కదిలించలేం. రెండోది దేనికి కడుతున్నారో రాయలేదు. దాని వల్ల మీ ఇంట్లో పని తగ్గిందా పెరిగిందా అని మీ ఆవిడని అడగండి, మీరు జవాబు చెప్పకండి.

"ఇంగ్లీష్ మీడియమే కానీ పాత ఇంగ్లీష్ అంటే భయం. ఏది ముందు చదవాలి, ఎక్కడ దొరుకుతాయి?" – డిగ్రీ రెండో సంవత్సరం, తిరుపతి

తమ్ముడూ, ఆయన పోయి తొంభై ఏళ్ళు దాటింది, పుస్తకాల మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. ఫోన్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ తెరిస్తే ఉచితంగా దొరుకుతాయి, డబ్బులు కట్టమనే సైటు ఏదైనా వస్తే వెనక్కి వచ్చేయ్. 'టువర్డ్స్ డెమాక్రసీ'తో మాత్రం మొదలుపెట్టకు, నాలుగు భాగాలు, ఊపిరాడదు. 'సింప్లిఫికేషన్ ఆఫ్ లైఫ్' ఒక్క వ్యాసం చాలు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. అది నచ్చితే 1916లో రాసిన ఆత్మకథ 'మై డేస్ అండ్ డ్రీమ్స్' చదువు, ఇంగ్లీషు తేలిగ్గానే ఉంటుంది. సంతలో కూరగాయలు అమ్మిన సంగతులు, పల్లె జనం కబుర్లు అందులోనే ఉన్నాయి. 'సివిలైజేషన్' పుస్తకం మూడోది. అందులో సైన్సు మీద ఉన్న వ్యాసాలు దాటేసినా పర్వాలేదు, పరీక్షకి రావు.